జెనెసిస్ పాటల్లోకి ఎటునుంచి వెళ్లాలి

1986 జులైలో అమెరికా బిల్‌బోర్డ్ సింగిల్స్ పట్టికలో మొదటి స్థానం జెనెసిస్ అనే ఇంగ్లిష్ బ్యాండ్‌కు దక్కింది. పాట 'ఇన్విజిబుల్ టచ్'. అమెరికాలో ఆ బ్యాండ్ నంబర్ వన్ కావడం అదే మొదలు, అదే చివర. వారం తిరిగేసరికి దాన్ని కిందికి దింపి పీటర్ గేబ్రియెల్ పాట 'స్లెడ్జ్‌హామర్' పైకెక్కింది. ఈ గేబ్రియెల్ మరెవరో కాదు, 1975 దాకా జెనెసిస్ గాయకుడే. ఆయన రోజుల్లో ఆ బ్యాండ్ పాట ఒక్కటే ఎల్పీ రికార్డు ఒక వైపును దాదాపు నింపేసేది. నక్క తల తగిలించుకుని, ఆడవాళ్ల ఎర్ర గౌను వేసుకుని ఆయన వేదిక మీదికొచ్చేవాడు.

కొత్తగా వినేవాళ్లకు చిక్కు ఇక్కడే వస్తుంది. 1980ల పాప్ విన్నవాళ్లకు జెనెసిస్ అంటే ఫిల్ కాలిన్స్, ఆయన గొంతు, నాలుగు నిమిషాల పాటలు. ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులకు జెనెసిస్ అంటే గేబ్రియెల్, వేషాలు, పురాణాల్లాంటి పొడవాటి పాటలు. ఇవి రెండు వేర్వేరు బ్యాండ్లని, గేబ్రియెల్‌ది కళ, కాలిన్స్‌ది వ్యాపారమని చాలామంది అభిమానులు దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ దాన్నే పట్టుకుని వినడం మొదలుపెడితే అసలు విషయం జారిపోతుంది. మైకు ముందు ఎవరు నిలబడ్డా, పాటను ఎక్కువగా కట్టింది వెనక ఉన్న ఇద్దరు: కీబోర్డులు వాయించే టోనీ బ్యాంక్స్, బేస్, గిటార్ వాయించే మైక్ రూథర్‌ఫర్డ్. 1969లో వచ్చిన మొదటి ఆల్బమ్ నుంచి 1997లో వచ్చిన చివరి స్టూడియో ఆల్బమ్ దాకా అన్నిట్లోనూ ఉన్నది వీళ్లిద్దరే. జెనెసిస్ తెలియాలంటే ముందు వీళ్ల పనితనం చెవికి అందాలి.

బ్యాండ్ పుట్టింది 1967లో, దక్షిణ ఇంగ్లండ్‌లోని సర్రీ జిల్లాలో, చార్టర్‌హౌస్ అనే పాత, ఖరీదైన రెసిడెన్షియల్ స్కూల్లో. గేబ్రియెల్, బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, గిటారిస్ట్ ఆంథనీ ఫిలిప్స్, డ్రమ్మర్ క్రిస్ స్టూవర్ట్ అందరూ అక్కడి కుర్రాళ్లే. వాళ్లకు మొదట వేదికలెక్కే ఆలోచన కూడా పెద్దగా లేదు. పాటలు రాసి వేరేవాళ్ల చేత పాడించుకోవాలనుకున్నారు. అమెరికా నల్లజాతి సోల్ సంగీతమంటే గేబ్రియెల్‌కు ప్రాణం. దానితోపాటు స్కూలు చాపెల్‌లో, అంటే అక్కడి చిన్న చర్చిలో, ఆర్గన్ మీద వినిపించే ప్రార్థనా గీతాలు వీళ్ల చెవుల్లో స్థిరపడిపోయాయి. ఆ గీతాల్లో కార్డ్‌లు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) నెమ్మదిగా, ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నట్టు కదులుతాయి. జెనెసిస్ పాటలు ముగింపుకొచ్చేసరికి ఎందుకంత గంభీరంగా పైకి లేస్తాయంటే సమాధానం చాలావరకు ఆ చాపెల్‌లోనే ఉంది. అమెరికన్ బ్లూస్ మీద నిలబడ్డ నాటి బ్రిటిష్ రాక్ బృందాల నుంచి వీళ్లను వేరు చేసింది కూడా అదే.

1969లో డెక్కా కంపెనీ ద్వారా వచ్చిన మొదటి ఆల్బమ్‌ను పట్టించుకున్నవాళ్లు లేరు. బైబిల్ మొదటి, చివరి గ్రంథాలను గుర్తుచేసే 'ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్' అన్న పేరు చూసి మతపరమైన రికార్డు అనుకుని దుకాణాల్లో ఆ అరల్లో పెట్టేశారన్న మాట బ్యాండ్ చరిత్ర రాసిన చాలామంది చెబుతారు. ఆ తర్వాత వాళ్లు డార్కింగ్ పట్టణం దగ్గర ఒక పల్లెటూరి ఇంట్లో కొన్ని నెలలు చేరి, రోజంతా వాయించుకుంటూ గడిపారు. అక్కడ తయారైన పాటలతో 1970లో 'ట్రెస్‌పాస్' వచ్చింది. ఫిలిప్స్, రూథర్‌ఫర్డ్ ఇద్దరూ కలిసి 12 తీగల గిటార్లు వాయిస్తే వచ్చే ఆ మెరిసే మోత ఇందులోనే రూపుదిద్దుకుంది. వేదిక భయం, అనారోగ్యం వల్ల ఫిలిప్స్ ఆ ఏడాదే బ్యాండ్ వదిలేశాడు గానీ ఆయన వేసిన ముద్ర పోలేదు.

1970లో డ్రమ్మర్‌గా ఫిల్ కాలిన్స్, 1971 మొదట్లో గిటారిస్ట్‌గా స్టీవ్ హ్యాకెట్ వచ్చి చేరారు. వీళ్లిద్దరూ ఆ స్కూలువాళ్లు కాదు. కాలిన్స్ చిన్నప్పుడే లండన్ రంగస్థలం మీద బాలనటుడు. జాజ్ డ్రమ్మర్లను వింటూ చెయ్యి సాధన చేసుకున్నవాడు. బోర్డింగ్ స్కూలు కుర్రాళ్ల బిగుసుకుపోయిన ఆలోచనల్లోకి ఆయన డ్రమ్స్ ఊపిరి పోశాయి. ఎంత తిరకాసు లెక్కలోనైనా ఆయన తాళం నడకలా ఉంటుంది, గణితంలా ఉండదు. గాయకుడిగా కాలిన్స్ పేరు మోగిపోవడం వల్ల డ్రమ్మర్‌గా ఆయన ఎంత గొప్పవాడో జనం మర్చిపోయారు. ఇది నిజంగా బాధాకరం.

ఇక అసలు పనితనం సంగతి. బ్యాంక్స్ ఎక్కువగా వాడే ఉపాయం ఒకటుంది. కింద బేస్‌లో ఒకే స్వరాన్ని కదలకుండా నిలిపి, పైన కార్డ్‌లను మారుస్తూ పోతాడు. ఆ కింది స్వరాన్ని రూథర్‌ఫర్డ్ చాలాసార్లు కాళ్లతో తొక్కే బేస్ పెడల్స్ మీద పట్టేవాడు. అలా చేస్తే చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి వాటితో 12 తీగల గిటార్ వాయించేవాడు. నలుగురైదుగురే వాయిస్తున్నా అంత నిండుగా వినిపించడానికి ఇదొక కారణం.

కర్ణాటక సంగీతం వినేవాళ్లకు కదలని స్వరం కొత్తేమీ కాదు. తంబూరా శ్రుతి మీదే అక్కడ అంతా నడుస్తుంది. అయితే తేడా ఉంది. మన శ్రుతి కచేరీ మొత్తానికీ ఆధారం, అది మారదు. బ్యాంక్స్ పట్టించే స్వరం పాటలో ఒక ఘట్టానికి మాత్రమే. పైనున్న కార్డ్‌లు కింది స్వరానికి దగ్గరగా వచ్చినప్పుడు హాయిగా ఉంటుంది. దూరం జరిగినప్పుడు టెన్షన్ పెరుగుతుంది. చివరికి కింది స్వరమే కదిలిన క్షణాన ఆ టెన్షన్ అంతా ఒక్కసారిగా వదిలిపోతుంది. ఇది ఒక్కటి పట్టుకోగలిగితే పొడవాటి జెనెసిస్ పాటలు పొడవుగా అనిపించవు. ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ విడుస్తోందో చెవికే తెలిసిపోతుంది.

1972లో వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్‌లో మొదటి పాట 'వాచర్ ఆఫ్ ది స్కైస్' దీనికి మంచి ఉదాహరణ. ఆరంభంలో మెలోట్రాన్ ఒక్కటే వినిపిస్తుంది. మెలోట్రాన్ అంటే ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉండే కీబోర్డు. మీట నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్ల మోత ఆ టేపులోంచి వస్తుంది. టేపు పొడవు ఎనిమిది సెకన్లకు మించదు, ఆపైన శబ్దం ఆగిపోతుంది. నాణ్యత కూడా అంత గొప్పది కాదు, కొంచెం వణుకుతుంది, బొంగురుగా ఉంటుంది. బ్యాంక్స్ ఆ లోపాన్నే వాడుకున్నాడు. ఆ వణుకులోంచి ఆ పెద్ద పెద్ద కార్డ్‌లు వస్తుంటే మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన భూమిని పైనుంచి ఎవరో చూస్తున్న భావన కలుగుతుంది. పాట కథ కూడా అదే.

అదే ఆల్బమ్‌లో 'సప్పర్స్ రెడీ' ఉంది. 23 నిమిషాలు, ఏడు భాగాలు. గేబ్రియెల్‌కూ ఆయన భార్యకూ ఒక రాత్రి ఎదురైన విచిత్రమైన, భయం గొలిపే అనుభవం ఇందులో మొదటి బీజమని ఆయన చెప్పుకున్నాడు. అక్కడి నుంచి అది బైబిల్ చివరి గ్రంథంలోని ప్రళయం దాకా వెళ్తుంది. మొదలయ్యేటప్పుడు హ్యాకెట్, రూథర్‌ఫర్డ్, బ్యాంక్స్ ముగ్గురూ 12 తీగల గిటార్లే వాయిస్తారు. ఆరో భాగంలో డ్రమ్స్, బేస్, గిటార్ తొమ్మిది దెబ్బల లెక్కలో కొన్ని స్వరాల మీదే తిరుగుతూ ఉంటాయి. వాటి మీద బ్యాంక్స్ ఆర్గన్ ఆ తొమ్మిదిని లెక్క చెయ్యకుండా తన దారిన తాను పోతుంది. రెండు లెక్కలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తుంటే ఒత్తిడి పెరిగి పెరిగి, ఉన్నట్టుండి గేబ్రియెల్ గొంతు పైనుంచి దూకుతుంది. ప్రోగ్రెసివ్ రాక్ మొత్తంలో ఇంతకంటే గొప్ప ఘట్టం లేదంటే అతిశయోక్తి కాదు. కానీ జెనెసిస్ వినడం దీనితో మొదలుపెట్టకూడదు. మధ్యలో వచ్చే 'విల్లో ఫామ్' అనే అల్లరి భాగం అలవాటు లేని చెవిని తికమక పెడుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు.

మొదలుపెట్టాల్సింది 1973 నాటి 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్' ఆల్బమ్‌తో. అందులోనూ 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' అనే తొమ్మిదిన్నర నిమిషాల పాటతో. ముందు పియానో ఒంటరిగా ఒక నిమిషం పైన సాగుతుంది. తాళం లెక్క అడుగడుక్కీ మారుతున్నా నీటి ప్రవాహంలా ఉంటుంది. పాట వస్తుంది, పోతుంది. తర్వాత గేబ్రియెల్ వేణువు మీద ఒక చిన్న విషాద స్వరాన్ని మెల్లగా పరిచయం చేస్తాడు. పియానోలో విన్నదే మళ్లీ సింథసైజర్‌తో, డ్రమ్స్‌తో ఉరుముతూ వస్తుంది. అది తగ్గాక ఇందాకటి వేణువు స్వరాన్ని హ్యాకెట్ గిటార్ అందుకుంటుంది. ఆయన వేగం చూపించడు. ఒక్కో స్వరాన్ని సాగదీసి, నిలబెట్టి, అది ఆరిపోయే ముందు ఇంకో దానికి అందిస్తాడు. వెనక మెలోట్రాన్, పెడల్స్ కలిసి నేలంతా కదిలిస్తాయి. ఈ పాటలో మాటలు అంత గొప్పవి కావని బ్యాంక్స్ కూడా ఒప్పుకున్నాడు. ఆ మాటలు అర్థం కాకపోయినా పోయేదేమీ లేదు, కథంతా వాద్యాలే చెబుతాయి.

అదే ఆల్బమ్‌లో 'ది సినిమా షో' రెండో సగం ఏడు దెబ్బల లెక్కలో నడిచే కీబోర్డు సోలో. ఏడు అనగానే పాశ్చాత్య శ్రోతలు వేళ్లు లెక్కపెట్టుకుంటారు. మిశ్రచాపులో కీర్తనలు విని పెరిగిన చెవికి ఆ అవసరం ఉండదు. ఏడు మన తలలో ఇప్పటికే ఊగుతూ ఉంటుంది. పాశ్చాత్య రాక్‌లో బేసి తాళాలు కష్టమన్న మాట విని వెనక్కి తగ్గే తెలుగు శ్రోతలు ముందుగా ఈ సోలో వినాలి. సందేహం అయిదు నిమిషాల్లో తీరుతుంది.

ఈ ఆల్బమ్‌లో అన్నీ బాగున్నాయని కాదు. 'ది బ్యాటిల్ ఆఫ్ ఎప్పింగ్ ఫారెస్ట్'లో గేబ్రియెల్ ఎన్ని పాత్రలు, ఎన్ని మాటలు కుక్కాడంటే కింద సంగీతానికి ఊపిరాడదు. పన్నెండు నిమిషాలు పోటీపడి రెండూ అలిసిపోతాయి. అప్పటికే బ్యాండ్ లోపల ఉన్న పోటీ కూడా ఇదే. వేషాల వల్ల పత్రికల దృష్టంతా గేబ్రియెల్ మీద పడింది. నిజానికి ఆ ప్రదర్శన ధోరణి చాలా మామూలు అవసరంలోంచి పుట్టింది. పాటకూ పాటకూ మధ్య అన్ని 12 తీగల గిటార్లనూ శ్రుతి చేసుకోవడానికి చాలాసేపు పట్టేది. ఆ ఖాళీలో జనం విసుక్కోకుండా గేబ్రియెల్ వింత కథలు చెప్పేవాడు. 1972లో డబ్లిన్ కచేరీలో మిగతావాళ్లకు చెప్పకుండా నక్క తల, భార్య గౌను వేసుకుని వచ్చాక కథలు వేషాలయ్యాయి.

1974 చివర్లో వచ్చిన 'ది లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' రెండు రికార్డుల ఆల్బమ్. న్యూయార్క్ వీధుల్లో తిరిగే రాయెల్ అనే ప్యూర్టోరికన్ కుర్రాడి కథ. మాటలు దాదాపు మొత్తం తానే రాస్తానని గేబ్రియెల్ పట్టుబట్టాడు. మిగతావాళ్లు వేరే గదిలో సంగీతం కట్టారు. అదే సమయంలో గేబ్రియెల్ మొదటి బిడ్డ పుట్టి, ప్రాణాపాయ స్థితిలో ఉంది. ఆయన ఆస్పత్రికీ స్టూడియోకూ మధ్య తిరుగుతుంటే మిగతావాళ్లు ఆ బాధను సరిగా అర్థం చేసుకోలేదు. ఆ సంగతి తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. ఆల్బమ్ మొదటి రికార్డు అద్భుతం. రెండో దాంట్లో కథ పూర్తి చెయ్యాలన్న తొందర కనిపిస్తుంది. కొన్నిచోట్ల సంగీతం కథలో ఖాళీలు నింపే పనిలో పడింది. ఆ పర్యటన ముగిశాక 1975లో గేబ్రియెల్ వెళ్లిపోయాడు. బ్యాండ్ అప్పటికి అప్పుల్లో ఉంది.

జెనెసిస్ ఇక అయిపోయిందని పత్రికలు రాశాయి. కొత్త గాయకుడి కోసం చాలామందిని పరీక్షించారు, ఎవరూ కుదరలేదు. చివరికి స్టూడియోలో కాలిన్స్ 'స్క్వాంక్' పాడి చూశాడు, సరిపోయింది. అంతకుముందు కూడా ఆయన ఒకటి రెండు చిన్న పాటలు పాడి ఉన్నాడు. 1976 ఫిబ్రవరిలో వచ్చిన 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్' బ్రిటన్‌లో మూడో స్థానానికి చేరింది. గేబ్రియెల్ లేని మొదటి ఆల్బమ్ ఆయన ఉన్న రోజుల్లో వచ్చిన వాటంత బాగా ఉండటం చాలామందికి మింగుడుపడలేదు. అందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. కార్డ్‌లు పేర్చేవాడు, పెడల్స్ తొక్కేవాడు, డ్రమ్స్ కొట్టేవాడు, గిటార్ సాగదీసేవాడు అందరూ ఉన్నారు. 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' విన్న తర్వాత పూర్తిగా వినాల్సిన మొదటి ఆల్బమ్ ఇదే. ఎనిమిది పాటల్లో ఒక్కటీ తీసేయాల్సింది లేదు.

1977లో హ్యాకెట్ వెళ్లిపోయాడు. తన పాటలకు బ్యాండ్‌లో చోటు చాలడం లేదన్నది ఆయన ఫిర్యాదు. అదే ఏడాది బ్రిటన్‌లో పంక్ అనే పొట్టి, వేగమైన, గరుకు రాక్ గాలి వీచి, పొడవాటి సోలోలు వాయించే బ్యాండ్లన్నీ పాతబడిపోయాయి. మిగిలిన ముగ్గురు పాటలు కుదించారు. అప్పటి నుంచి జెనెసిస్ డబ్బుకు అమ్ముడుపోయిందని అనేవాళ్లు 1980 నాటి 'టర్న్ ఇట్ ఆన్ అగేన్' పాటను దెబ్బలు లెక్కపెడుతూ వినాలి. నాలుగు నిమిషాల లోపు పాట, బ్రిటన్‌లో మొదటి పది పాటల్లోకి చేరింది, రేడియోలో మోగిపోయింది. దాని తాళం లెక్క పదమూడు. వినేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు, డాన్స్ చేద్దామనుకున్నవాళ్ల అడుగు మాత్రం తప్పేది. ఎనిమిదేళ్ల ముందు ఇరవై నిమిషాల్లో చేసిన పనిని అక్కడ నాలుగు నిమిషాల్లో దాచారు. ఆ పాట ఉన్న 'డ్యూక్' ఆల్బమ్‌లో కొన్ని పాటలు నిజానికి ఒకే పెద్ద పాటలో ముక్కలు. వాటిని వరుసగా పెడితే 'సప్పర్స్ రెడీ'తో పోలుస్తారని కావాలనే విడగొట్టి ఆల్బమ్ అంతటా చల్లారు. 'ఇన్విజిబుల్ టచ్' ఆల్బమ్‌లో కూడా హిట్ల మధ్య పది నిమిషాలు దాటిన 'డామినో' ఉంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. 1983 తర్వాత చిన్న పాటల్లో కొన్ని మరీ తేలిక. బ్యాంక్స్ కార్డ్‌లు ఎక్కడా బిగుసుకోని పాటలు ఈ బ్యాండ్‌వి అని గుర్తుపట్టడం కూడా కష్టమే.

విడిపోయినవాళ్ల మధ్య శత్రుత్వం లేదనడానికి ఒక సంఘటన చాలు. 1982లో గేబ్రియెల్ ప్రపంచ దేశాల సంగీతాలన్నిటినీ ఒకచోటికి తేవాలని వోమాడ్ ఉత్సవం మొదలుపెట్టడంలో ముందు నిలిచాడు. మొదటి ఏడాదే అది భారీ నష్టం తెచ్చింది. అప్పులవాళ్లు ఆయన వెంటపడ్డారు. ఆ అక్టోబర్ 2న మిల్టన్ కీన్స్‌లో, వానలో, పాత జెనెసిస్ సభ్యులు ఆయనతో కలిసి ఒక్క కచేరీ చేసి ఆదుకున్నారు. వోమాడ్ బతికింది. దాన్నుంచే 1989లో గేబ్రియెల్ రియల్ వరల్డ్ రికార్డు కంపెనీ వచ్చింది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆల్బమ్ 'రామ శ్రీరామ' 1994లో, గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' 1995లో ఆ కంపెనీ నుంచే విడుదలయ్యాయి. ఆ వానలో జరిగిన కచేరీకీ పశ్చిమ గోదావరి బిడ్డ మాండలిన్‌కూ మధ్య ఇలా ఒక దారి ఉందన్న సంగతి తెలుగు శ్రోతల్లో తెలిసినవాళ్లు తక్కువ. తెలియాల్సిన సంగతి.

వినే వరుస విషయానికొస్తే, 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్', 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్' తర్వాత 'సెల్లింగ్ ఇంగ్లండ్' మొత్తం, ఆపైన 'డ్యూక్'. ఈ మూడు ఆల్బమ్‌లు చెవికి పట్టాక 'సప్పర్స్ రెడీ' తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. 1977 నాటి లైవ్ ఆల్బమ్ 'సెకండ్స్ అవుట్'లో కాలిన్స్ పాడిన 'సప్పర్స్ రెడీ' కూడా ఉంది. గేబ్రియెల్‌లోని నాటకం అందులో తక్కువ. కానీ వాద్యాలు మరింత స్పష్టంగా వినిపిస్తాయి కాబట్టి కొందరికి అదే సులువు. 'ది లాంబ్' చివరికి ఉంచుకోవడం మంచిది, కథ చదువుకుంటూ ఒకే విడతలో వినాలి. 2007, 2008లో 'ట్రెస్‌పాస్' నుంచి వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లన్నిటినీ కొత్తగా మిక్స్ చేసి, అంటే వాద్యాల పాళ్లు మార్చి కలిపి, విడుదల చేశారు. వాటిలో ప్రతి వాద్యం విడివిడిగా, గట్టిగా వినిపిస్తుంది. పాత మిక్స్‌లు దొరికితే అవే మేలు. మెలోట్రాన్, ఆర్గన్, గిటార్లు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయే ఆ పొగమంచు జెనెసిస్ శబ్దంలో సగం. 1969 నాటి మొదటి ఆల్బమ్ హక్కులు బ్యాండ్ చేతిలో లేవు కాబట్టి అది రకరకాల పేర్లతో, రకరకాల అట్టలతో మార్కెట్‌లో తిరుగుతూ ఉంటుంది. కొత్తవాళ్లు పొరపాటున దానితో మొదలుపెట్టకుండా చూసుకోవాలి.